చిలీ ఏఎఫ్‌పీ పింఛను: 44 ఏళ్ల తర్వాత యజమాని చేత వాటా కట్టించారు. పథకం ఓడినట్టా, గాడిన పడినట్టా?

కొండవీటి_చాంతాడు

సీపీఎస్ (మన ప్రభుత్వ ఉద్యోగుల చందా పింఛను) థ్రెడ్‌లో రోజూ చిలీ పేరు వస్తోంది. ఒకరు ప్రపంచానికే ఆదర్శం అంటారు, ఇంకొకరు అక్కడే తగలబెట్టారు అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. అందుకని విడిగా పెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. పినోచే సైనిక ప్రభుత్వం 1980 నవంబరులో 3500 నంబరు డిక్రీ తెచ్చింది. రూపకర్త అప్పటి కార్మిక మంత్రి హొసే పిన్యేరా. 1981 మే నుంచి ఉద్యోగి జీతంలో 10 శాతం కోసి, అతని పేరు మీదున్న ఖాతాలో వేసి, ఏఎఫ్‌పీ అనే ప్రైవేటు సంస్థ చేతిలో పెట్టారు. యజమాని పొదుపు వాటా సున్నా. మగవాళ్లకి 65, ఆడవాళ్లకి 60 నిండాక ఖాతాలో పోగైనదాన్ని బట్టి పింఛను. 2008లో బాచెలెట్ ప్రభుత్వం పేదల కోసం పన్నుల డబ్బుతో ఒక కనీస పింఛను పెట్టింది. 2022లో దాన్నే పీజీయూ అని పేరు మార్చి, 65 దాటినవాళ్లలో అందరికంటే ధనికులైన 10 శాతం మందిని తప్పించి మిగతా అందరికీ ఇచ్చారు. 2025 మార్చిలో అప్పటి అధ్యక్షుడు బోరిక్ సంతకం చేసిన 21,735 నంబరు చట్టంతో యజమాని మీద కొత్తగా 7 శాతం పడింది. ఆగస్టు జీతాల నుంచి 1 శాతంతో మొదలైంది, తొమ్మిదేళ్లలో మొత్తం వస్తుంది.

ఇది వైఫల్యాన్ని ఒప్పుకోవడమా, మరమ్మతా? లెక్కలతో రాసేవాళ్లు రాయండి.

సీపీఎస్_పంతులు

ఒప్పుకోవడమే. ఇంకో మాటే లేదు.

నేను ఒక్క ప్రశ్న అడుగుతాను, దానికి సూటిగా జవాబు చెప్పినవాళ్లు ఇంతవరకూ లేరు. ఇంత మంచి పథకం అయితే తెచ్చిన సైన్యం తను ఎందుకు చేరలేదు? దేశం మొత్తాన్ని ఏఎఫ్‌పీలోకి తోసి, సైనికులకి కాప్రెడేనా, కారాబినేరోస్ పోలీసులకి దిప్రెకా అని పాత పద్ధతి పింఛనే ఉంచుకున్నారు. ఈరోజుకీ అదే నడుస్తోంది, ఎక్కువ భాగం ఖజానా నుంచే. వంటవాడు తన వంట తను ముట్టుకోకపోతే ఆ వంట గురించి వేరే సాక్ష్యం ఎందుకు?

మన దగ్గరా అంతే. 2004 జనవరి నుంచి కేంద్రంలో, సెప్టెంబరు నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగులకి కొత్త పింఛను వచ్చింది. సైన్యానికి రాలేదు. ఎమ్మెల్యేలకీ రాలేదు.

అంకెల_పుస్తకం

పంతులు గారూ, సైన్యం చేరకపోవడం అన్యాయమే, అందులో వాదన లేదు. కానీ అన్యాయం వేరు, పథకం ఎందుకు తక్కువ పింఛను ఇచ్చింది అన్నది వేరు. రెండోది పలక మీద లెక్క కట్టి చూడొచ్చు.

జీతం నెలకి 10 లక్షల పెసోలు. అందులో 10 శాతం, ఏడాదికి 12 లక్షలు. 40 ఏళ్లు ఒక్క నెలా తప్పకుండా కడితే, ధరల పెరుగుదల పోను 4 శాతం రాబడితో 11 కోట్ల 40 లక్షలు అవుతుంది. 65 దాటాక 20 ఏళ్లు బతుకుతాడని, మిగిలిన నిల్వ మీద 3 శాతం వస్తుందని అనుకుంటే నెలకి 6 లక్షల 38 వేలు. జీతంలో 64 శాతం. అప్పట్లో ప్రచారం చేసిన 70 శాతానికి దగ్గరగా వచ్చింది కదా.

ఇప్పుడు ఒక్క మార్పు. జీతం అలాగే ఉండిపోదు, ఏడాదికి 2 శాతం నిజంగా పెరుగుతుంది అనుకోండి. చిన్న వయసులో కట్టినవి చిన్న జీతం మీద కట్టినవి, పోల్చేది మాత్రం చివరి పెద్ద జీతంతో. 64 కాస్తా 40 శాతానికి పడిపోతుంది. రాబడి అదే, మోసం ఏమీ జరగలేదు.

రెండో మార్పు. 40 ఏళ్లలో 20 ఏళ్లే కట్టాడు. మధ్యలో పని లేదు, లేదా చేసిన పనికి కాగితం లేదు. చిలీలో వీటిని లగూనాలు అంటారు, అంటే మడుగులు. సగం నెలలే కడితే 40 కాస్తా 20 శాతం. అదీ ఏటా సమంగా తప్పిపోతేనే. చిన్న వయసులో తప్పితే దెబ్బ ఇంకా పెద్దది. 30 ఏళ్లప్పుడు కట్టని లక్ష, 5 శాతం లెక్కన 65 ఏళ్లకి 5 లక్షల 50 వేలు. 50 ఏళ్లప్పుడు కట్టనిదైతే 2 లక్షల 8 వేలే.

10 శాతం కోతతో, సగం నెలల ఎగవేతతో ఏ దేశంలో ఎవరు నడిపినా ఇంతే వస్తుంది. 1980కి ముందు ముప్పైకి పైగా పింఛను సంస్థలు ఉండేవి, ఉద్యోగి, యజమాని కలిసి ఇంతకి రెట్టింపు పైనే కట్టేవారు. ఆ వాటాని తీసేసి పింఛను మాత్రం అంతే వస్తుందని చెప్పారు. జబ్బు అక్కడుంది.

రాగి_చెంబు

అంత రాగి ఉన్న దేశం, రాగి అమ్మి పింఛను ఇవ్వలేదా?

సీపీఎస్_పంతులు

రాగి గురించి అడిగారు కాబట్టి చెప్తున్నాను. కోదెల్కో ప్రభుత్వ రాగి గనుల సంస్థ. అది విదేశాలకి అమ్మిన రాగి సొమ్ములో 10 శాతం నేరుగా సైన్యం ఆయుధాలకి వెళ్లేలా ఒక రహస్య చట్టం ఉండేది. లాభంలో కాదు, అమ్మకంలో 10 శాతం. 2019లో గానీ దాన్ని రద్దు చెయ్యలేదు. అంటే తుపాకీకి రాగి, పింఛనుకి ఖజానా రెండూ సైనికుడికి. మడుగులూ మార్కెట్టూ గని కార్మికుడికి. అంకెల వారు దీన్ని ‘అన్యాయమే, కానీ వేరు’ అంటున్నారు. వేరు ఎలా అవుతుంది?

దక్షిణ_దిక్కు

సాంటియాగో నుంచి. జీతాల లెక్కలు చూసే పని కాబట్టి చీటీ ఎలా ఉంటుందో పెడుతున్నాను. లేకపోతే ఊహల మీద వాదించుకుంటారు.

కాలపరిమితి లేని ఒప్పందం, స్థూల జీతం 10,00,000 పెసోలు. ఉద్యోగి నుంచి కోసేవి: పింఛను ఖాతాకి 1,00,000. ఏఎఫ్‌పీ రుసుము విడిగా, హాబితాత్ అనే సంస్థ అయితే 1.27 శాతం అంటే 12,700, మొదేలో అయితే 0.58 శాతం అంటే 5,800. ఆరోగ్యానికి ఫోనాసా అనే ప్రభుత్వ బీమా 7 శాతం, 70,000. నిరుద్యోగ బీమా 0.6 శాతం, 6,000. హాబితాత్‌లో ఉన్నవాడికి చేతికి 8,11,300. ఈ స్థాయిలో ఆదాయపు పన్ను పడదు.

యజమాని విడిగా కట్టేవి: నిరుద్యోగ బీమా 2.4 శాతం, ప్రమాద బీమా, వైకల్యం లేదా మరణం సంభవిస్తే ఇచ్చే బీమా. ఆ చివరిది 2009 దాకా ఉద్యోగే కట్టేవాడు. వీటి పైన ఇప్పుడు కొత్త వాటా. అది పూర్తయ్యేసరికి పాత బీమాతో కలిపి 8.5 శాతం. అందులో 4.5 ఉద్యోగి ఖాతాకి, 1.5 ప్రభుత్వ నిధికి అప్పుగా, మిగతా 2.5 బీమాకీ ఆడవాళ్ల పింఛను లోటు పూడ్చడానికీ.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, యజమాని నెలనెలా ‘ఇంత కట్టాలి’ అని ప్రకటిస్తాడు కానీ కట్టడు. చీటీలో కోత కనిపిస్తుంది, ఖాతాలో డబ్బు కనిపించదు. 1999 నుంచి ఒక చట్టం ఉంది, బాకీ ఉన్న కోతలు కట్టకుండా ఉద్యోగిని తీసేస్తే ఆ తీసివేత చెల్లదు, కట్టేదాకా జీతం నడుస్తూనే ఉంటుంది. మంచి చట్టమే. కానీ మూతపడిన సంస్థ నుంచి ఎవరు రాబడతారు?

జీతం కాకుండా బిల్లు మీద పని చేసేవాళ్లది ఇంకో గొడవ. వాళ్ల బిల్లులో 2026లో 15.25 శాతం ముందే పట్టుకుంటారు, 2028కి 17 అవుతుంది. 2019కి ముందు వాళ్లలో చాలామంది ఖాతాలో ఏమీ వేసేవారు కాదు. అంకెల గారి మడుగుల్లో పెద్ద మడుగు అదే.

సీపీఎస్_పంతులు

చూశారుగా! లక్ష పొదుపుకి 12,700 రుసుము. వందకి దాదాపు 13 రూపాయలు మింగేస్తున్నారు. మన ఎన్‌పీఎస్‌లో ప్రభుత్వ ఉద్యోగుల నిధి మేనేజరు రుసుము 0.09 శాతం దాటదు. 13 ఎక్కడ, 0.09 ఎక్కడ? వైఫల్యానికి ఇంకేం కావాలి?

అంకెల_పుస్తకం

మాస్టారూ, ఈ పోలిక తప్పు, మీరు లెక్కల పంతులే అయితే ఇది రాయకూడదు. చిలీ రుసుము కట్టేటప్పుడు ఒక్కసారి పడుతుంది, ఆ డబ్బు 40 ఏళ్లున్నా మళ్లీ పడదు. మనది నిల్వ మొత్తం మీద ఏటా పడుతుంది. 11.27లో 1.27 పోవడం 40 ఏళ్ల చందాకి ఏడాదికి అర శాతం రుసుముతో సమానం. 4 శాతం రాబడి 3.5 అయినట్టు. ఎక్కువే, మనదానికి ఐదారు రెట్లు. కానీ 13 కాదు.

నిజంగా దెబ్బ తినేది ఎవరో తెలుసా? 55 ఏళ్లకి మొదలుపెట్టి పదేళ్లే కట్టినవాడు. అతనికి అదే రుసుము ఏడాదికి రెండున్నర శాతంతో సమానం. మీరు 13 అని అరిచే బదులు ఈ మాట అంటే నేనూ ఒప్పుకునేవాణ్ని.

సీపీఎస్_పంతులు

చేతిలోంచి ఎంత పోయింది అన్నదే ఉద్యోగికి కనిపించేది. 12,700 పోయిందా లేదా?

అంకెల_పుస్తకం

పోయింది. 13 శాతం రుసుము అని చెప్పకూడదు.

సీపీఎస్_పంతులు

లక్షకి 12,700 ఎంత శాతం అండి?

పెన్నేటి_గట్టు

ఇద్దరూ ఈ రుసుము దగ్గరే కూర్చుంటే తెల్లారుతుంది. 2008 సంస్కరణ తర్వాత కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లని వేలంలో తక్కువ రుసుము చెప్పిన ఏఎఫ్‌పీకి పంపుతున్నారు. మొదటి వేలం 2010లో మొదేలో 1.14 శాతానికి గెలిచింది, తర్వాతి వేలాల్లో అర శాతం కిందికి కూడా వచ్చింది. పాత చందాదారులు మాత్రం కదల్లేదు, రుసుము రెట్టింపున్నా అక్కడే ఉండిపోయారు. అందుకే 2025 చట్టంలో పాతవాళ్లలోనూ రెండేళ్లకోసారి పదోవంతు మందిని వేలం వెయ్యాలని పెట్టారు, ఇష్టం లేనివాళ్లు తిరిగి రావచ్చు. రుసుము సమస్యకి మందు పడింది. దాని మీద ఇంత గొడవెందుకు?

ఎవరూ ఎత్తని మాట ఆడవాళ్లది. ఒకే నిల్వ ఉన్న ఇద్దర్ని తీసుకోండి, 6 కోట్ల పెసోలు. 65 ఏళ్ల మగమనిషికి 20 ఏళ్లు పంచాలి, అంకెల గారి 3 శాతంతోనే నెలకి 3 లక్షల 36 వేలు. 60 ఏళ్ల ఆడమనిషికి 30 ఏళ్లు పంచాలి, నెలకి 2 లక్షల 55 వేలు. నాలుగోవంతు కోత, ఆమె చేసిన తప్పేమీ లేకుండానే. పైగా నిజానికి ఆ ఇద్దరి నిల్వ ఒకటి కాదు. ఆమెకి అయిదేళ్లు తక్కువ, పిల్లల దగ్గర పోయిన ఏళ్లు ఇంకా తక్కువ. అవి సరిగ్గా ముప్పై ఏళ్ల వయసులో పోయేవి, అంటే ఒక్కో లక్ష అయిదున్నర లక్షలయ్యే ఏళ్లు.

కొత్త చట్టంలో దీనికి పరిహారం ఉంది. 2026 జనవరి నుంచి ఇస్తున్నారు, కనీసం 0.25 యూఎఫ్. యూఎఫ్ అంటే ధరలతో పాటు రోజూ కదిలే లెక్కల కొలత, 2025 చివర్లో 39 వేల పెసోల పైచిలుకు. కానీ 65కి పింఛను తీసుకుంటేనే పరిహారం పూర్తిగా, అంతకంటే ముందే తీసుకుంటే తెగ్గోస్తారు. 60కి విరమణ హక్కు కాగితం మీద ఉంచి, డబ్బుని 65 దగ్గర పెట్టారు.

ఓరుగల్లు_ముచ్చట

అక్క చెప్పింది నిజం. కని అన్నలూ, అసలు నిధిని దెబ్బ తీసింది ఏఎఫ్‌పీలు కాదు, రుసుమూ కాదు. జనమే తీసుకున్నరు. 2020 జులైల ఒకసారి, డిసెంబర్ల ఒకసారి, 2021 ఏప్రిల్ల ఇంకోసారి, పార్లమెంటే చట్టం చేసి ఖాతాలకెళ్లి 10 శాతం తీసుకోమన్నది. పేరుకే 10 శాతం. కనీసం 35 యూఎఫ్ దాక తియ్యొచ్చు అన్నరు, అంటే 35 యూఎఫ్ కన్న తక్కువున్నోడు మొత్తం ఊడ్చుకపోయిండు. మూడు సార్లకు లక్షల మంది ఖాతాలు సున్నా. మొత్తం 5,000 కోట్ల డాలర్ల దగ్గర పోయినయి. దేశ ఉత్పత్తిల 80 శాతం దగ్గరున్న నిధి 60 దగ్గరికి దిగింది.

తర్వాత ఏమైందో సూడుండ్రి. అంత డబ్బు ఒక్కసారి బజార్ల పడ్డది, 2022 ఆగస్టు వరకు ధరల పెరుగుదల 14.1 శాతం. కేంద్ర బ్యాంకు 0.5 ఉన్న వడ్డీని 11.25 దాక తీస్కపోయింది. ఏఎఫ్‌పీలు దీర్ఘకాల బాండ్లు కొనేటోళ్లు, ఇప్పుడు అమ్మేటోళ్లయిన్రు. ఇంటి అప్పు వడ్డీ యూఎఫ్ మీద రెండు శాతం చిల్లర ఉండేది, నాలుగు దాటింది. ఖాతాకెళ్లి తీసిన పైసలతోని ఫ్రిజ్జు కొన్నోడు ఇల్లు కొనలేకపోయిండు.

సీపీఎస్_పంతులు

లాక్‌డౌన్‌లో పొయ్యి వెలగనివాణ్ని ఫ్రిజ్జు కొన్నాడని అనడం న్యాయం కాదు తమ్ముడూ. ప్రభుత్వ సాయం ఆలస్యమైంది, షరతులతో వచ్చింది. అందుకే సొంత పింఛను తెగనమ్ముకున్నాడు. 30 ఏళ్లవాడు 10 లక్షలు తీస్తే అంకెల గారి లెక్కలోనే 55 లక్షలు పోయాయి. అంత పోతుందని తెలిసినా తీశాడంటే ఆ ఖాతా ముసలితనంలో ఆదుకుంటుందన్న నమ్మకం అతనికి లేదన్నమాట. ఇదే పథకానికి మరణవాంగ్మూలం.

అంకెల_పుస్తకం

పూర్తిగా తలకిందులు చేశారు. నమ్మకం లేక తీసుకోలేదు. ‘ఇది నా డబ్బు’ అన్న నమ్మకం ఉండబట్టే తీసుకున్నాడు. ఆ వెంటనే పుట్టిన నినాదం ఏమిటి? ‘కోన్ మి ప్లాతా నో’, నా డబ్బు జోలికి రావద్దు. 2016లో ఏఎఫ్‌పీలు వద్దని లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. 2019 అక్టోబరు గొడవల్లోనూ ఆ ‘ఏఎఫ్‌పీలు వద్దు’ మాటే. కానీ కొత్త 6 శాతం యజమాని వాటాని అందరికీ పంచే ఉమ్మడి నిధిలో వేస్తామని బోరిక్ ప్రభుత్వం అంటే అదే జనం ఒప్పుకోలేదు. చివరికి చట్టంలో ఉమ్మడి కుండ లేదు, ఖాతాకి 4.5, అప్పుగా 1.5 అని రాజీ పడ్డారు. ఏఎఫ్‌పీలు మాయం కాలేదు. ఇదేనా మీ మరణవాంగ్మూలం?

మీరు చిలీ గురించి మాట్లాడటం లేదు మాస్టారూ. మీ సీపీఎస్ కోపాన్ని చిలీ గోడ మీద రాస్తున్నారు.

సీపీఎస్_పంతులు

రాస్తాను! 2004 ఆగస్టు 31న చేరినవాడికి ఒక పింఛను, సెప్టెంబరు 1న చేరినవాడికి ఇంకొకటి. ఒకే గది, ఒకే సిలబస్. కొన్ని చోట్ల జీతంలో కోసిన చందా కూడా నెలల తరబడి ప్రాన్ అనే సొంత పింఛను ఖాతాలో పడలేదు. ఈ బాధ తెలియనివాడు పలక మీద 64, 40, 20 అని గీతలు గీస్తాడు. మీలాంటి లెక్కలవాళ్లే 1980లో హొసే పిన్యేరా పక్కన కూర్చుని 70 శాతం అని చెప్పింది!

అంకెల_పుస్తకం

మీలాంటి నినాదాలవాళ్లే ఖాతాలు ఊడ్చుకోమని చట్టం చేయించింది!

మోడరేటర్

ఇద్దరికీ చెప్తున్నాను. మనిషి మీద కాదు, మాట మీద మాట్లాడండి. ఇంకొక్కసారి ‘మీలాంటివాళ్లు’ అని కనిపిస్తే థ్రెడ్ మూసేస్తాను.

రాగి_చెంబు

ఒక అనుమానం. ఆ 1.5 శాతం ప్రభుత్వానికి అప్పు అన్నారు, అదేంటి?

దక్షిణ_దిక్కు

మొత్తం గొడవ దాని దగ్గరే ఉంది, మంచి ప్రశ్న అడిగారు. యజమాని కట్టే దాంట్లో 1.5 శాతం ప్రభుత్వం నడిపే నిధిలోకి వెళ్తుంది. ఉద్యోగి పేరు మీద రాసిపెడతారు, వడ్డీ కడతారు, విరమణప్పుడు బాండుగా తిరిగొస్తుంది. ఈలోపు ఆ డబ్బుతో ఇప్పటి ముసలివాళ్లకి పింఛను పెంచుతారు. కట్టిన ప్రతి ఏడాదికీ నెలకి 0.1 యూఎఫ్, 25 ఏళ్లకి మించి లెక్కపెట్టరు. అంటే గరిష్ఠం 2.5 యూఎఫ్, 97 వేల పెసోల పైమాట. మగవాళ్లయితే 20 ఏళ్లు కట్టి ఉండాలి, ఆడవాళ్లకి ఇప్పటికి 10 ఏళ్లు, క్రమంగా 15 అవుతుంది. ఇదీ 2026 జనవరి నుంచే మొదలైంది.

తేడా వచ్చే చోటు: ఇవాళ 30 ఏళ్లవాడి బాండు 35 ఏళ్ల తర్వాత చెల్లాలి. అప్పుడు చెల్లించాల్సింది అప్పటి ప్రభుత్వం. ఈ చట్టాన్ని చర్చల్లో నడిపించిన కార్మిక మంత్రి జానెట్ హారా 2025 డిసెంబరు అధ్యక్ష ఎన్నికల్లో కాస్ట్ చేతిలో ఓడిపోయారు. చట్టం చేసినవాళ్లు తొమ్మిదేళ్ల మొదటి మెట్టు దాటకముందే దిగిపోయారన్నమాట.

సీపీఎస్_పంతులు

కోపంలో అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను, అంకెల గారూ. కానీ ఇప్పుడు అసలు మాట చెప్పనివ్వండి, నేను రుసుము గురించీ సైన్యం గురించీ రాసినదంతా దీని చుట్టూనే.

రాబడి 4 శాతమా 5 శాతమా నాకు అక్కర్లేదు. 80 ఏళ్ల మనిషి పొద్దున లేచి మార్కెట్ చూసుకునే అవసరం ఉండకూడదు. చిలీలో రెతీరో ప్రోగ్రమాదో అనే పద్ధతిలో పింఛను ఏటా తిరగ లెక్కకడతారు. నిల్వ తగ్గుతుంది, మందుల ఖర్చు పెరిగే వయసుకి పింఛను దిగుతుంది. బీమా సంస్థ నుంచి జీవితాంతం ఒకే మొత్తం కొనుక్కోవచ్చు, కానీ చిన్న నిల్వ ఉన్నవాడికి అది దొరకదు. భయం ఎవరికి ఉందో వాడికే భరోసా లేదు. ఎన్ని శాతాలు కలిపినా ఈ పద్ధతిలో బరువు ఒంటరి మనిషి మీదే. ఆ బరువు ప్రభుత్వం మొయ్యాలి. అదే నేను ఓటమి అనేది.

అంకెల_పుస్తకం

నేనూ ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇప్పుడు మనం ఎక్కడ విడిపోతున్నామో తెలిసింది.

ప్రభుత్వం మొయ్యాలి అంటున్నారు. మాట ఇచ్చేది ఇవాళ్టి ప్రభుత్వం, నిలబెట్టుకోవాల్సింది ముప్పై ఏళ్ల తర్వాతిది. చిలీకి పక్కనే అర్జెంటీనా ఉంది. 1994లో చిలీని చూసి ప్రైవేటు ఖాతాలు పెట్టింది, 2008లో ఆ ఖాతాలన్నీ ప్రభుత్వం తీసేసుకుంది, భరోసా ఇస్తామంది. 2023లో ధరలు 211 శాతం పెరిగాయి. పింఛను కాగితం మీద పెరిగింది, కొట్టుకెళితే కరిగిపోయింది. ఎవరూ చట్టం ఉల్లంఘించలేదు, ఎవరూ ‘ఇవ్వం’ అనలేదు. 1983 జనవరిలో చిలీలో పెద్ద బ్యాంకుల్నే ప్రభుత్వం స్వాధీనం చేసుకోవాల్సి వచ్చింది, వాటి యజమానుల చేతిలోనే పెద్ద ఏఎఫ్‌పీలుండేవి. అయినా చందాదారుల నిధికి ముప్పు రాలేదు. నిధి ఏఎఫ్‌పీ ఆస్తి కాదని, వేరే లెక్క అని చట్టంలో రాసి ఉంది కాబట్టి. నాకు కావలసిన భరోసా అది.

కొత్త లెక్క కూడా చూడండి. ఖాతాకి 10, యజమాని 4.5, బాండు 1.5, మొత్తం 16. ఏళ్లన్నీ కడితే 40 శాతం కాస్తా 64 అవుతుంది. సగం కడితే 32, దాని పైన పీజీయూ. పీజీయూని 2 లక్షల 50 వేల పెసోలకి పెంచుతున్నారు, 82 దాటినవాళ్లకి 2025 సెప్టెంబరు నుంచి వచ్చేసింది, 75 వాళ్లకి 2026లో, 65 వాళ్లకి 2027లో. తక్కువ జీతం వాడికి ఆ రెండూ కలిస్తే ఇల్లు గడుస్తుంది.

సీపీఎస్_పంతులు

ఆ పీజీయూ ఎవరి డబ్బు? పన్నులు! ప్రభుత్వ మాటే కదా! 2022లో దాన్ని తెచ్చింది కూడా హొసే పిన్యేరా సొంత తమ్ముడు, అప్పటి అధ్యక్షుడు సెబాస్తియన్ పిన్యేరా. అన్న కట్టిన ఇంటికి తమ్ముడు ఖజానాతో దూలం పెట్టాల్సి వచ్చింది. మీ 32కి అది కలపకుండా బతకమనండి చూద్దాం.

అంకెల_పుస్తకం

కలపాలనే నేనూ అంటున్నాను. దూలం ఖజానాది కావచ్చు. ఇల్లు మాత్రం నా పేరు మీదే ఉండాలి.

ఓరుగల్లు_ముచ్చట

మన దగ్గర గూడ అదే లొల్లి. రాజస్థాన్, హిమాచల్ పాత పింఛనుకు పోతమన్నయి, ఎన్‌పీఎస్‌ల ఉన్న పైసలు వాపస్ ఇయ్యమంటే చట్టంల ఆ దారి లేదని కేంద్రం చెప్పింది. పైసలు ఆడ, బాధ్యత ఈడ.

సీపీఎస్_పంతులు

అందుకే 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం యూపీఎస్ తెచ్చింది, 25 ఏళ్ల సర్వీసుకి చివరి 12 నెలల బేసిక్ సగటులో సగం. సగం దారి మా దగ్గరికి వచ్చారు. చిలీ మాత్రం అంత దూరం కూడా రాలేదు.

అంకెల_పుస్తకం

యూపీఎస్‌కి కేంద్రం 18.5 శాతం పెడుతోంది, ఉద్యోగి 10. మొత్తం 28.5. చిలీలో 28.5 పెడితే ఏఎఫ్‌పీలోనూ సగం జీతం సులువుగా వస్తుంది. భరోసా అని మీరు పేరు పెట్టినదాన్ని నేను చందా అంటున్నాను.

పెన్నేటి_గట్టు

అన్నయ్యలిద్దరూ చందా కోసే జీతం ఉన్నవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. 0.1 యూఎఫ్ లెక్కలో 10 ఏళ్ల కట్టుబడి లేని ఆడమనిషికి ఏమీ రాదు. ఎనిమిదేళ్లు ఇళ్లలో పని చేసి, అందులో యజమానురాలు మూడేళ్లకే చందా కట్టి ఉంటే ఆమెకి పరిహారమూ పెద్దగా ఉండదు, బాండూ పెద్దగా ఉండదు. ఆసరాగా పీజీయూ ఒక్కటే ఉంటుంది, అదీ 60కి కాదు, 65కి. ఆ మధ్య అయిదేళ్ల మాట మీరిద్దరిలో ఒక్కరైనా లెక్క కట్టి పెట్టండి.